ఒక్క వోల్టులో ఇమడని సిలబస్

మన ల్యాబ్‌లో 741 బయటికి తీశారంటే పక్కన ప్లస్ 15, మైనస్ 15 సప్లై ఉండాల్సిందే. మొత్తం 30 వోల్టులు. జేబులో ఉన్న ఫోన్ తీసుకోండి, అందులోని చిప్పుల్లో చాలా భాగం ఒక వోల్టుకి అటూ ఇటూగా నడుస్తాయి. 741 వచ్చింది 1968లో. దాన్ని నేర్పొద్దనను. అక్కడే ఆగిపోవడంతోనే నా పేచీ.

ఎందుకంటే 30 వోల్టుల సర్క్యూట్‌ని కుదిస్తే ఒక వోల్టు సర్క్యూట్ రాదు. గెయిన్ పెంచాలంటే పరీక్షలో కాస్కోడ్ అని రాసేస్తాం: ట్రాన్సిస్టర్ మీద ట్రాన్సిస్టర్ పేర్చడం. టెలిస్కోపిక్ యాంప్లిఫయర్‌లో ఐదు పేరుస్తాం. ఒక్కోటీ సాచురేషన్‌లో ఉండడానికి సుమారు 0.15 వోల్టు వేసుకోండి, 0.75 అక్కడే అయిపోయింది. సిగ్నల్ ఊగడానికి మిగిలింది పావు వోల్టు. కప్పు తక్కువున్న గదిలో అటక మీద అటక కట్టినట్టు! అందుకే పైకి పేర్చడం మాని ఫోల్డెడ్ కాస్కోడ్ అనో, రెండు స్టేజీలనో పక్కకి జరుగుతారు. స్టేజీ పెరిగితే స్టెబిలిటీ తలనొప్పి వేరే.

"వోల్టేజి తగ్గితే పవర్ కూడా తగ్గుతుందిగా" అంటారు సీఎస్‌ఈ మిత్రులు. డిజిటల్‌లో నిజమే. అనలాగ్‌లో సిగ్నల్ ఊపు సగమైతే దాని పవర్ నాలుగో వంతుకి పడిపోతుంది, కెపాసిటర్ మీది థర్మల్ నాయిస్ మాత్రం కదలదు. పాత నాణ్యత కావాలంటే కెపాసిటర్ నాలుగు రెట్లు చేయాలి, వేగం తగ్గకూడదంటే కరెంటూ పెంచాలి. ఆదా అనుకున్నది ఒక్కోసారి ఎదురు ఖర్చవుతుంది.

ఇదేం నిన్నటి సమస్య కాదు. 1970ల చివర్లోనే బాబ్ విడ్లర్ డిజైన్ చేసిన ఎల్ఎం10 ఆప్-యాంప్ మొత్తం 1.1 వోల్టు సప్లైతో నడిచింది. బైపోలార్ ట్రాన్సిస్టర్‌కి బేస్-ఎమిటర్ మధ్యే 0.65 దాకా పోతుంది, చలిలో డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున ఇంకా పెరుగుతుంది. రెండు కలిపితే 1.3, అంటే మనకి ఎంతో ఇష్టమైన డార్లింగ్టన్‌కి అక్కడ చోటే లేదు.

ల్యాబ్‌లో ఒక్క ప్రయోగం మార్చినా చాలు. ఒక పెన్సిల్ సెల్, నాలుగు బీసీ547లు ఇచ్చి మైక్ సిగ్నల్‌ని వంద రెట్లు చేయమనండి. సెల్ అరిగి 1.1కి దిగినా పనిచేయాలి. రెసిస్టర్ మీద 0.4 వోల్టు మిగిలితే, 25 మిల్లీవోల్టులతో భాగించండి: ఒక స్టేజీతో 16 రెట్లు దాటదు. మిగతాది ఎలాగన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. సీనియర్ల రికార్డుల్లో చూసి దించుదామన్నా ఆ రీడింగులు దొరకవు మరి.