తలుపు తట్టి చూడండి

ఎండ మాటెత్తితే మనకు రెంటచింతల గుర్తొస్తుంది. రామగుండం గుర్తొస్తుంది. నెత్తిన తుండుగుడ్డ, చేతిలో మజ్జిగ గ్లాసు, వంటింటి మూల మట్టికుండ... వేసవిని ఎలా దాటాలో మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. మరి చుట్టూ కొండలు, శిఖరాల మీద మంచు, చలికాలమంతా హీటర్లు... అలాంటి చోట 49.6 డిగ్రీలు కాస్తే?

కాసింది. 2021 జూన్ చివరి వారంలో. కెనడా పడమటి కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో లిట్టన్ అని చిన్న ఊరు. ఫ్రేజర్, థాంప్సన్ నదులు కలిసేచోట, కొండల నడుమ లోయలో ఉంటుంది. అప్పటి జనాభా 250 దాకా. భూమధ్యరేఖ నుంచి విజయవాడ ఎంత దూరమో, అంతకు మూడింతల దూరం. అక్కడ జూన్ 27న 46.6 డిగ్రీలు నమోదైంది. 1937 నుంచి కెనడాలో 45 డిగ్రీలే రికార్డు. అది ఆరోజుతో చెరిగిపోయింది. మర్నాడు 47.9. ఆ మర్నాడు 49.6. ఇక 30వ తేదీ సాయంత్రం ఊరికి నిప్పంటుకుంది. ఎండి ఉన్న గడ్డి, బలమైన గాలి... కట్టుబట్టలతో జనం పరుగు తీశారు. ఊళ్లో చాలా భాగం బూడిదైంది. ఇద్దరు చనిపోయారు.

చల్లని కొండల్లో అంత వేడి ఎక్కణ్నుంచి వచ్చింది? సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వారం ఆకాశంలో అధికపీడనం గిన్నె మీద మూతలా కూర్చుంది. దాని కింద గాలి కిందికి దిగుతూ నలిగింది. పొడిగాలి కిలోమీటరు కిందికి దిగితే సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది. మబ్బు లేదు. జూన్ చివర కాబట్టి పగలు పదహారు గంటలు. దానికితోడు లిట్టన్ వానచాటు ఊరు. సముద్రం మీంచి వచ్చే మేఘాలు అవతలి కొండల మీదే కురిసేస్తాయి. పడమటి కనుమలు అడ్డుపడి మన అనంతపురం ఎండినట్టే. నేలలో తడి ఉంటే ఎండ దాన్ని ఆవిరి చేయడానికి కొంత ఖర్చయ్యేది. తడి లేకపోయేసరికి ఆ వేడంతా గాలికే ఎక్కింది. భూమి వేడెక్కకుండా ఉంటే ఆ స్థాయి ఎండ దాదాపు అసాధ్యమని తర్వాత లెక్కలు కట్టిన శాస్త్రవేత్తలు తేల్చారు.

తగలబడిన లిట్టన్ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ప్రాణాలు ఎక్కువగా పోయింది మాత్రం కెమెరాలకు అందని చోట. వాంకూవర్, దాని చుట్టుపక్కల పట్టణాల్లో, మూసిన తలుపుల వెనక. జూన్ 25 నుంచి జులై 1 వరకు ఆ రాష్ట్రంలో వేడి వల్ల చనిపోయినవారు 619 మంది. అక్కడి అధికారులు ఒక్కో మరణాన్నీ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చారు. 98 శాతం మందికి వడదెబ్బ తగిలింది ఇంట్లోనే! మూడింట రెండొంతుల మంది డెబ్భై దాటినవారు. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవారు.

ఆ ఇళ్లు చలికోసం కట్టినవి. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా గోడలు పట్టి ఉంచుతాయి. ఎండొచ్చినా అదే పని చేశాయి. రాత్రి బయట కాస్త చల్లబడినా లోపల చల్లబడలేదు. పెద్ద వయసులో దాహం సరిగా తెలీదు, చెమట సరిగా పట్టదు. ఒంట్లో తేడా చేస్తోందని గుర్తించేలోపే మగత కమ్మేస్తుంది. ఫోన్ చేయాలన్న ఆలోచన కూడా రాదు. ‘ఏంటలా ఉన్నారు?’ అని అడగడానికి పక్కన మనిషి ఉండాలి.

మనకు ఎండ అలవాటే కదా అనుకోవచ్చు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. అలవాటు అందరినీ కాపాడలేదు. పైగా ఇప్పుడు పెంకుటిళ్లు పోయి శ్లాబులొచ్చాయి. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. పిల్లలు డల్లాస్‌లోనో వాంకూవర్‌లోనో ఉంటారు. పై అంతస్తులో అమ్మానాన్నలు, లేదా ఇద్దరిలో మిగిలిన ఒక్కరు. ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నాన్రా’ అంటారు.

‘బాగున్నావా’ అని అడిగి వదిలేయకండి. మధ్యాహ్నం ఏం తాగావు, ఏ గదిలో పడుకున్నావు, కరెంటు ఉందా అని అడగండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా పక్కవాళ్లను వెంటనే పంపండి. మనిషి సోలిపోయి ఉంటే 108కి ఫోన్ చేసి, నీడలోకి చేర్చి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒంటరిగా ఉండే పక్కింటి పెద్దావిడ తలుపు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తట్టండి. ఊరికే వెళ్లడానికి మొహమాటమైతే ఓ గ్లాసు మజ్జిగ పట్టుకెళ్లండి.