కామెట్‌కు జరిగిన శోధన ఉద్దానానికి జరగదా?

ప్రపంచంలో ప్రయాణీకులను మోసిన మొట్టమొదటి జెట్ విమానం కామెట్. ఇంగ్లండులో డి హావిలండ్ కంపెనీ తయారుచేసింది. 1952 మే 2న లండన్ నుంచి జోహాన్నెస్‌బర్గుకు తొలి సర్వీసు నడిచింది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్‌లో లేచిన కామెట్ కొద్ది నిమిషాల్లోనే జగల్‌గోరి అనే పల్లె దగ్గర ముక్కలై పడింది. 43 మందీ పోయేరు. గాలివానకు విరిగిందని విచారణలో తేల్చేరు. తిత్లీ చూసిన మన వాళ్ళకి గాలి బలం ఒకరు చెప్పాలా? నమ్మదగ్గ కారణమే.

1954 జనవరి 10న ఇటలీ దగ్గర ఎల్బా దీవి పక్కన ఇంకొకటి సముద్రంలో పడింది. 35 మంది. ఈసారి గాలివాన లేదు. నిప్పంటుకుందేమో అనుకుని, అక్కడా ఇక్కడా మార్పులు చేసి మార్చి 23న మళ్ళీ ఎగరనిచ్చేరు. పదహారు రోజులకే నేపుల్స్ దగ్గర మరొకటి పడింది. 21 మంది.

అప్పటికి గాని ఊహలు మానలేదు. సముద్రం అడుగునుంచి ముక్కలు ఏరించేరు. ఫార్న్‌బరోలో ఆర్నాల్డ్ హాల్ బృందం ఒక విమానాన్నే నీటితొట్టిలో పెట్టింది. గాలి నింపితే పగిలినప్పుడు బాంబులా పేలి ఆనవాలు మిగలదు; నీరు నొక్కుకుపోదు గనుక చీలిక ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఎగిరినప్పుడల్లా విమానం ఒళ్ళు ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. అలా అసలు ఎగిరినవీ తొట్టిలోవీ కలిపి 3,057 సార్లకు కిటికీ మూల దగ్గర రేకు చీలిపోయింది. లోహపు అలసట!

కంపెనీవారు అంతకుముందే పరీక్షించి 18,000 సార్లు తట్టుకుంటుందన్నారు. తీరా ఆ నమూనాకి మొదట్లోనే ఎక్కువ ఒత్తిడి పెట్టటంవల్ల అది అసలు విమానం కంటె గట్టిబడిపోయిందట. మా ప్రాక్టికల్స్‌లో రీడింగు ముందే తెలిసినట్టు రాసేసుకునే మిత్రులు ఈ సంగతి కాస్త గమనించాలి.

ఇదంతా ఎందుకంటే, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి ఎన్నేళ్ళుగానో ఊహలే. బోరునీళ్ళంటారు, పురుగుమందులంటారు, నొప్పి మాత్రలంటారు, జీడితోటల్లో ఎండంటారు. ఇదే కారణమని ఇంతవరకూ నిర్ధారణ లేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచేరు, హిరమండలం నీళ్ళు పైపుల్లో తెచ్చేరు. మంచి పనే, ఎవరూ కాదనరు. కాని నీళ్ళు మార్చేం గదా అని వెతకటం మానేస్తే, అది మార్చి 23న కామెట్లను ఎగరనిచ్చినట్టే.

ఒక్కసారి వచ్చి రక్తం తీసుకెళ్ళిపోయే సర్వేలు చాలవు. అవే ఇళ్ళు, అవే మనుషులు, ఏటేటా. నీరూ, మట్టీ, రక్తమూ పరీక్షించాలి. వచ్చిన ఫలితం, ఏమీ తేలకపోయినా సరే, తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. నమూనాలు తియ్యటానికి మనుషులు కావాలంటే మన కాలేజీలో కెమిస్ట్రీ, జువాలజీ చదివేవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం. సెలవులకి ఎలాగూ ఆ ఊళ్ళకే వెళ్తాం.