మెఫీబోషెతు పింఛను ఎవరు ఆపారు?



పోయిన ఆదివారం ఆరాధన ముగిసి చాపలు చుట్టే వేళ మన సంఘంలోని ఒక తల్లి వచ్చి మా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఆమె పేరు ఇక్కడ రాయము. కాగితం ఆమె కొడుకు వికలాంగ ధ్రువపత్రం. పైన ఫొటో, కింద డాక్టర్ల సంతకాలు, మధ్యలో 25 శాతం అని ఉంది. "అయ్యగారూ, మొన్నటిదాంక యాభై ఉండె. ఇప్పుడు ఇరవై అయిదు రాసిండ్రు. ఇగ పింఛను రాదంటున్నరు. నా కొడుకు సగం బాగైండా?" అని అడిగింది.

మాకు జవాబు తోచలేదు. ఈ వారమంతా తిరిగి, చదివి, అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం. ఇది చదివి కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఆ అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. మొదట మందిరానికి తెచ్చినప్పుడు తల్లి కొంగు వదిలేవాడు కాదు. అన్నం కూడా ఆమే కలిపి పెట్టేది. పదేళ్లు ఆమె వాడితో పడిన కష్టం మేము చూశాం. ఇప్పుడు మందిరంలో చాపలు పరిచేది వాడే. కుర్చీలు లెక్కపెడతాడు, ఇరవై దాటితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. బాలాపూర్ చౌరస్తా దాకా ఒక్కడే పోయి పాల ప్యాకెట్ తెస్తాడు. చిల్లర మాత్రం దుకాణంలో ఎంత ఇస్తే అంతే.

ఇలాంటివారిని పరీక్షించేటప్పుడు సరిగ్గా ఈ పనులనే అడుగుతారు. సొంతంగా తింటాడా, బట్టలు వేసుకుంటాడా, దుకాణానికి పోతాడా, పేరు చెప్తాడా అని. వచ్చిన జవాబులకు ఒక అంకె వేస్తారు. ఆ అంకె 69 దాకా వస్తే వైకల్యం 50 శాతం, 70 వస్తే 25 శాతం. నడుమ ఇంకేమీ లేదు. మన రాష్ట్రంలో పింఛను రావాలంటే 40 శాతం ఉండాలి. అంటే వాడు నేర్చుకున్న ఆఖరి పనే వాడి పింఛను తీసేసింది. పాల ప్యాకెట్ తేవడం నేర్పకుండా ఉంటే ఆ తల్లికి నెలనెలా డబ్బు వచ్చేది.

డాక్టర్లు తప్పు చేశారని మేము అనడం లేదు. వారు నియమం ప్రకారమే రాసి ఉంటారు. నియమమే అలా ఉంది, అందుకే ఇంత రాస్తున్నాం.

ఆ కాగితం కోసం ఆమె ఎన్నిసార్లు తిరిగిందో చెప్పాలి. పాత ధ్రువపత్రం తాత్కాలికం, గడువు అయిపోయింది. గడువు అయితే పింఛను ఆగుతుంది. శిబిరానికి వెళ్లాలంటే మీసేవలో స్లాటు తీసుకోవాల్సి వచ్చింది, తెరిచిన కాసేపటికే స్లాట్లు అయిపోయేవి. మూడుసార్లు దొరకలేదు. నాలుగోసారి దొరికితే ఆ రోజు రావాల్సిన డాక్టరు రాలేదు. ఆమె నాలుగిళ్లలో పని చేసే మనిషి. పోయిన ప్రతి రోజూ జీతం కోత, ఆటో కిరాయి అదనం. చివరికి పిలిచి చూసింది పది నిమిషాలు. వాడు కొత్తవాళ్లను చూస్తే నవ్వుతాడు, మనందరికీ తెలుసు. ఆ రోజు కూడా నవ్వి, పేరు అడిగితే చక్కగా చెప్పాడట. "ఇంటికాడ చెప్పనోడు ఆడ చెప్పిండు అయ్యగారూ" అని చెబుతూ ఆమె నవ్వింది, ఏడ్చింది.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబరులో మొదలయ్యాయి. వికలాంగులకు అప్పుడు 1,500 రూపాయలు. 2019లో 3,016, 2023 జులై నుంచి 4,016 చేశారు. ఆ ఏడాది చివర ఎన్నికల్లో చేయూత పేరుతో 6,000 ఇస్తామన్నారు. ఆ డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నప్పుడు మన సంఘం పిల్లలే ఎందరికో ఫారాలు నింపి పెట్టారు, సదరం నంబరు గడితో సహా. 2024 సంవత్సరం మొత్తం గడిచినా పింఛను 4,016 దగ్గరే నిలిచింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై ఒకటిన 6,000 చేతిలో పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చే వాటా ఎంతో తెలుసా? ఇందిరాగాంధీ పేరుతో ఉన్న జాతీయ వికలాంగ పింఛనులో నెలకు 300, అదీ 80 శాతం వైకల్యం ఉన్నవారికే. ఏళ్లు గడిచినా ఆ 300 కదలలేదు. పేరు మాత్రం వికలాంగుల నుంచి దివ్యాంగులకు మారింది.

పింఛను లేకపోతే పోనీ, పని ఇప్పిస్తారా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వారివి. అందులో బుద్ధి ఎదుగుదల తక్కువ ఉన్నవారికీ వాటా ఉంది. కానీ అక్కడా 40 శాతమే గీత. 25 శాతం అని రాసిన పిల్లవాడు ఆ గీతకు ఇవతల ఉండిపోయాడు. కాటేదాన్‌లోని ఏ కంపెనీకి పోయినా "వీడు పని చేయలేడమ్మా" అంటారు. శిబిరంలో "వీడు చేసుకోగలడు" అంటారు. వీడు చేయగలడా లేడా? రెండు చోట్లా రెండు మాటలు చెప్పి రెండు తలుపులూ మూసేశారు.

మీలో కొందరు అంటారని మాకు తెలుసు: దొంగ సర్టిఫికెట్లు లేవా అయ్యగారూ, చక్కగా బండి నడిపేవాడు పింఛను తీసుకోవడం లేదా? ఉన్నారు. మేమూ ఎరుగుదుము. అబద్ధం చెప్పి వికలాంగుల సొమ్ము తినేవాడు దేవుని ముందు దోషి, చట్టం ముందు కూడా దోషి. 2016 చట్టంలో 91వ సెక్షన్ కింద రెండేళ్ల జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. వేయండి. తనిఖీ వద్దని మేము ఎన్నడూ అనలేదు. మేము అడిగేది, తనిఖీ చేసేవాడిని ఎవరు తనిఖీ చేస్తున్నారు అని.

ఇక్కడ మాకు మెఫీబోషెతు గుర్తుకు వస్తున్నాడు. సమూయేలు రెండవ గ్రంథం తెరిచి 9, 16, 19 అధ్యాయాలు వరుసగా చదవండి. మనం ఎప్పుడూ 9వ అధ్యాయమే బోధిస్తాం, కుంటివాడు రాజు బల్ల దగ్గర కూర్చున్నాడని సంతోషించి ఆపేస్తాం. మిగతా రెండూ చదవం. అయిదేళ్ల వయసులో దాది చేతిలోంచి పడి రెండు కాళ్లూ పోయినవాడు. లోదెబారులో వేరొకరి ఇంట్లో ఉంటే దావీదు పిలిపించి, సౌలు భూమి అంతా అతనికి తిరిగి ఇచ్చాడు, రోజూ తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు. భూమి సేద్యం చేయించే బాధ్యత సీబాది. తరువాత అబ్షాలోము తిరుగుబాటులో దావీదు పారిపోతుండగా దారిలో సీబా ఎదురై గాడిదలు, రెండు వందల రొట్టెలు సమర్పించి, మీ మెఫీబోషెతు యెరూషలేములోనే ఉండి రాజ్యం కోసం కాచుకున్నాడని చాడీ చెప్పాడు. రాజు ఏం చేశాడు? ఆ కుంటివాడిని పిలిచి అడగలేదు, మనిషిని పంపి విచారించలేదు. నిలబడ్డచోటే భూమి మొత్తం సీబా పేర రాసేశాడు.

దావీదు అంతటివాడే ఒక నివేదిక నమ్మి ఒక వికలాంగుడి ఆధారం ఒక్క మాటతో రద్దు చేశాడు. తరువాత మెఫీబోషెతు వచ్చాడు, రాజు వెళ్లిన నాటి నుంచి కాళ్లు కడగక, గడ్డం తీయక, బట్టలు ఉతకక ఉన్నవాడు. నేను కుంటివాడిని, గాడిద కట్టించుకుందామంటే నా సేవకుడే మోసం చేశాడని చెప్పాడు. అప్పుడైనా రాజు మొత్తం తిరిగి ఇచ్చాడా? నువ్వూ సీబా చెరిసగం పంచుకోండి అన్నాడు. అబద్ధం చెప్పినవాడికి సగం మిగిలింది. దావీదు మీద మాకున్న ప్రేమ మీకు తెలుసు. అయినా ఈ తీర్పును మేము సమర్థించలేము.

ఈ కాలంలో సీబా చాలా రూపాల్లో వస్తాడు. ఒక్కోసారి కంప్యూటరుగా వస్తాడు. మన రాష్ట్రంలో రేషన్ కార్డుల సంగతి గుర్తుంది కదా. ఎవరి పేరున బండి ఉంది, ఎవరికి ఏ ఆస్తి ఉంది అని వేరు వేరు శాఖల వివరాలు కలిపి లెక్క తేల్చే సమగ్ర వేదిక అనే ఏర్పాటు ఉంది. కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. చాలామందికి ముందస్తు నోటీసు కూడా లేదు, దుకాణానికి పోతే బియ్యం రావన్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలుగజేసుకుని, ఇళ్లకు పోయి మళ్లీ పరిశీలించమంది. పేర్లు కలిసిపోయి, లేని కారు ఉన్నట్టు చూపించి బియ్యం ఆపిన ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. పెద్ద దేశాల్లోనూ ఇదే జరిగింది. పిల్లల భత్యం తీసుకున్న కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లని ముద్ర వేసినందుకు నెదర్లాండ్స్ ప్రభుత్వం 2021 జనవరిలో రాజీనామా చేసింది. మన దగ్గర ఒక గుమస్తా కూడా క్షమించమని అన్నట్టు మేము వినలేదు.

2025లో ఆంధ్రలో వికలాంగ పింఛన్లు మళ్లీ పరీక్షించి, ఆగస్టు నాటికి లక్షకు పైగా మందికి నోటీసులిచ్చారు. వారిలో అనర్హులు ఉండవచ్చు. కానీ మంచం మీదున్నవారు, చక్రాల కుర్చీల్లో ఉన్నవారు కూడా కాగితాలు పట్టుకుని కార్యాలయాల ముందు నిలబడాల్సి వచ్చింది. గొడవ అయ్యాక అప్పీలు తేలేదాకా పింఛను ఆపబోమన్నారు. ఆ మాట నోటీసు కంటే ముందే చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లలో అన్నం సహించేదో.

పైవారి సంగతి కూడా చూడండి. కేంద్రం ఇచ్చే ఈ పింఛన్ల పథకాన్ని కాగ్ పరిశీలించి 2023 ఆగస్టులో నివేదిక పార్లమెంటు ముందు పెట్టింది. పింఛన్ల కోసం ఉన్న సొమ్ములోంచి 2.83 కోట్ల రూపాయలు వేరే పథకాల ప్రచార బోర్డులకు మళ్లించారని అందులో ఉంది. ముసలివాళ్ల, వికలాంగుల డబ్బుతో ఫ్లెక్సీలు! దానికి ఎవరి ధ్రువపత్రం రద్దయింది?

తనిఖీ ఎలా ఉండాలో మన గడ్డకే తెలుసు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే మొదలుపెట్టారు, దేశానికి నేర్పింది మనమే. ఊరి మధ్యలో జనం ముందు మస్టర్ చదివేవారు. నీకు ఇంత కూలీ ఇచ్చామని రాశారు, నిజమేనా అని కూలీనే అడిగేవారు. అధికారి నిలబడి జవాబు చెప్పేవాడు. పింఛన్లకు అలా ఎందుకు చేయరు? మన బాలాపూర్ మొన్నటిదాకా ఊరే, తరువాత బడంగ్‌పేట కార్పొరేషన్‌లో కలిసింది. ఊరు కాకపోయేసరికి గ్రామసభ కూడా పోయింది. ఇక్కడ ఎవరి పేరు ఎందుకు తీసేశారో నలుగురిలో చదివే చోటే లేదు.

అపొస్తలుల కాలంలో కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది. రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను మరిచిపోతున్నారని గ్రీకు మాట్లాడేవారు సణిగారు. అపొస్తలులు ఆ విధవరాండ్రను రుజువులు తెమ్మని అడగలేదు. పంచేవారిని మార్చారు, మంచి పేరున్న ఏడుగురిని పెట్టారు. ఆ ఏడుగురి పేర్లు చూస్తే అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి వైపు నుంచే మనుషులను తీసుకున్నారు. ఇది మేము ఎన్నోసార్లు చదివి కూడా గమనించని సంగతి, ఈ వారమే కంటబడింది.

ఇంకొక మాట, ఇది మన సంఘం గురించి. ఆ తల్లి కాగితం తెచ్చినప్పుడు పక్కనే ఉన్న ఒక పెద్ద, "ప్రార్థన చేస్తే తగ్గిందమ్మా, సాక్ష్యం చెప్పు, పింఛను ఎందుకు ఇంక" అన్నారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం, ఎందుకంటే అక్కడే ఆయనతో గట్టిగా మాట్లాడాం. ఇరవై తరువాత అంకె రానివాడిని బాగయ్యాడని చెప్పించి మనం మహిమ పొందాలా? సర్టిఫికెట్ తీసుకోవడం అవిశ్వాసం అని ఇంతకు ముందు ఇదే మందిరంలో ఒక అతిథి బోధకుడు చెప్పినప్పుడు మేము వేదిక మీదే ఉండి మౌనంగా ఉన్నాం. ఆ మాట విని ఒక సహోదరుడు రెండేళ్లు శిబిరానికి పోలేదు. అది మా తప్పు. ఆయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం.

ఇక చేయాల్సిన పని. శాతం తప్పు రాశారనిపిస్తే 2016 చట్టం 59వ సెక్షన్ ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. ఆ తల్లికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. హక్కులకు భంగం కలిగితే రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో గానీ పొరుగున గానీ ఇలా పింఛను ఆగినవారుంటే, ఏ మతస్థులైనా సరే, వచ్చే ఆదివారం రెండవ ఆరాధన తరువాత తీసుకురండి. ఆధార్, పాత ధ్రువపత్రం, కొత్తది, బ్యాంకు పాస్‌బుక్, బడిలో చదివి ఉంటే ఆ కాగితాలు కావాలి. మన యవనస్థుల్లో ముగ్గురు కూర్చుని రాసి పెడతారు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆ తల్లినీ కొడుకునూ తీసుకుని మలక్‌పేటలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయానికి బయలుదేరుతున్నాం. ఆటోలో ఇంకొకరికి చోటు ఉంది.