పుట్టుకతోనే దారి తప్పిన ధమనులు

గుండెపోటు అనగానే కొవ్వు పేరుకుని పూడిపోయిన రక్తనాళాలే గుర్తుకొస్తాయి. అయితే కొందరిలో గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు పుట్టుకతోనే ఉండవలసిన చోట ఉండవు. ఇటువంటివారు ఎందరు?

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు యమనాకా, హాబ్స్ 1990లో ప్రచురించిన పరిశీలన ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. యాంజియోగ్రామ్ చేయించుకున్న 1,26,595 మందిలో 1,686 మందికి, అంటే 1.3 శాతం మందికి ఈ తేడా కనిపించింది. వారిలో 81 శాతం మందికి అది హాని చేయనిదే. అయితే ఇవి పరీక్షకు వచ్చిన రోగుల లెక్కలు. మొత్తం జనాభాకు యథాతథంగా అన్వయించరాదు.

ప్రమాదమంతా మిగిలిన కొద్దిమందికే. ఎడమ ధమని కుడివైపు నుంచి మొదలై, బృహద్ధమనికీ పుపుస ధమనికీ నడుమ సాగితే, తీవ్ర శ్రమ వేళ రక్తసరఫరాకు ఆటంకం కలగవచ్చు. యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలకు ఇదొక ప్రధాన కారణం. అమెరికా బాస్కెట్‌బాల్ దిగ్గజం పీట్ మరావిచ్ 1988లో 40 ఏళ్లకే ఆడుతూ కుప్పకూలారు. ఆయనకు ఎడమ కరోనరీ ధమనే లేదని శవపరీక్షలో తేలింది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ సవ్యంగానే ఉండవచ్చు. సీటీ యాంజియోగ్రామ్‌లో ధమని దారి స్పష్టమవుతుంది. అవసరమైతే శస్త్రచికిత్సతో సరిదిద్దవచ్చు. పరుగెత్తుతూ ఛాతీనొప్పి అన్నా, స్పృహ తప్పినా, నీరసమని సరిపెట్టి ముఖాన నీళ్లు చల్లి ఇంటికి పంపడం తగదు. ఆ పిల్లలను హృద్రోగ నిపుణులకు చూపించాకే మళ్లీ మైదానంలోకి అనుమతించాలి.