మామూలు అన్న మాట

‘ఎట్లున్నవే?’ అంటే ‘మామూలే’ అంటాం. ‘ఫైలు ఎందుకు కదల్లేదు?’ అంటే ‘మామూలు ముట్టలేదు’ అంటాం. రెండు చోట్లా ఒక్కటే మాట. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోటికి వచ్చింది. వాడుకగా జరుగుతున్నది అని దాని అర్థం. అంటే ఆచారం. ఆచారం పేరే లంచానికీ పేరైంది. భాష తప్పు చేయలేదు, ఉన్న నిజం చెప్పింది.

లాటిన్‌లో జనం ఆచారాలను, కట్టుబాట్లను ‘మోరెస్’ అంటారు. నీతిని చెప్పే ఇంగ్లీషు ‘మోరల్’ ఆ వేరు నుంచి మొలిచిందే. అమెరికాలో యేల్ ప్రొఫెసర్ విలియం గ్రాహం సమ్నర్ 1906లో ‘ఫోక్‌వేస్’ రాసి ఈ మాటను సమాజశాస్త్రంలో నిలబెట్టాడు. పదిమందీ చేస్తూ వస్తే ఎంతటి పనైనా సరైనదిగానే కనబడుతుందని తేల్చాడు. పేదోళ్లకు సర్కారు సాయం చేయొద్దన్న ఆయన రాజకీయం మనకు గిట్టదు. కానీ ఈ ముక్క మాత్రం మన ఊళ్లను చూసి రాసినట్టే ఉంది.

వెట్టి ఒకనాడు మామూలే. దొర గడీలో చాకలి, మంగలి, కుమ్మరి కూలి లేకుండా చాకిరి చేయడం రివాజు. దోపిడీ అన్న పేరు దానికి లేదు, ఆనవాయితీ అన్న పేరుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పోరాటం దొర పెత్తనం మీదనే కాదు, ఆ పేరు మీద కూడా. జోగిని సంగతీ అంతే. దళిత ఆడపిల్లను దేవతకిచ్చి ‘పెండ్లి’ చేయడం నేరమని 1988లో కూడా చట్టం చేయాల్సి వచ్చింది.

రాజ్యాంగం రాసినవాళ్లకు ఇది ఎరుకే. 13వ అధికరణం ‘చట్టం’ అన్న మాటలోకి ఆచారాన్ని, వాడుకను కూడా చేర్చింది. ప్రాథమిక హక్కులకు అడ్డొస్తే అవీ చెల్లవు. 23వ అధికరణం వెట్టిని పేరు పెట్టి నిషేధించింది. ఉర్దూలో ఆచారమూ ‘దస్తూరే’, రాజ్యాంగమూ ‘దస్తూరే’. రాజ్యాంగ నీతి సహజంగా అబ్బేది కాదని, మనవాళ్లు ఇంకా నేర్చుకోవాల్సే ఉందని అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో చెప్పాడు.

ఆ నేర్పు ఆఫీసు బల్ల దాకా వచ్చిందా? ఈ పేజీ చదివే ఉద్యోగులనే అడుగుతున్నాం. కొలువు కోసం చదువుతున్న విద్యార్థులు కూడా వినాలి, రేపు ఆ కుర్చీలు వాళ్లవే. పింఛను కాగితం పట్టుకొని ముసలవ్వ వస్తుంది. ఆమె దగ్గర తీసుకునేదాన్ని మనం లంచం అనం. ‘అందరూ తీసుకునేదే గద’ అంటాం. దొర కూడా వెట్టిని రివాజనే అన్నాడు.

ఆ అవ్వ కొంగుముడి విప్పి, లెక్కపెట్టి ఇస్తుంది. ‘గింతేనా?’ అంటాం.