లుకేమియా రోగులకు, వారిని చూసుకునే కుటుంబాలకు అండ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యుల సమక్షమునకు,

విషయం: చార్మినార్ పరిసర బస్తీల్లోని లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులకు, వారి కుటుంబాలకు కల్పించవలసిన సదుపాయాల గురించి.

ఆర్యా,

చార్మినార్, శాలిబండ, హుస్సేనీ ఆలం, మొఘల్‌పురా, లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక బస్తీల్లో ఉంటూ, ఇంట్లో లుకేమియా రోగిని చూసుకుంటున్నవాళ్లం ఈ వినతి సమర్పించుకుంటున్నాం. మాలో తల్లులున్నారు, భర్తలున్నారు, చదువు ఆపుకొని తమ్ముడి వెంట ఆసుపత్రికి తిరుగుతున్న అక్కలున్నారు. లాడ్‌బజార్ లక్కగాజులకు రాళ్లు అద్దేవాళ్లం, మగ్గం పని చేసేవాళ్లం, ఆటో నడిపేవాళ్లం. పనికి పోయిన రోజే మాకు కూలి.

ప్రభుత్వం చేసిన మేలు మరిచి ఈ వినతి రాయడం లేదు. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. అయితే ఈ జబ్బుకు వైద్యం ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్‌ఎల్ రకానికి రెండు నుంచి మూడేళ్లు చికిత్స నడుస్తుంది. అందులో ఎక్కువ కాలం రోగి ఉండేది ఇంట్లోనే. జ్వరం కనిపెట్టేది, మాత్ర వేసేది, రక్తదాతలను వెతికేది ఇంటివాళ్లే. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆసుపత్రిలో డాక్టర్లు పడ్డ కష్టమంతా వృథా అవుతుంది. అందుకే ఇంటివాళ్ల పనిని కూడా చికిత్సలో భాగంగా గుర్తించి, దానికి తగిన ఏర్పాట్లు చేయాలన్నది మా ప్రధాన విన్నపం. వివరాలు ఇవి:

1. రాత్రి జ్వరానికి దగ్గరలోనే వైద్యం కావాలి.

కీమో ఎక్కించాక కొద్ది రోజులకు తెల్లకణాల కౌంట్ పడిపోతుంది. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ప్రాణాపాయమే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడటానికి వీల్లేదు. ఆసుపత్రి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ వెళ్లాలి. మా గల్లీల నుంచి బిడ్డను ఎత్తుకొని మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, నాంపల్లి దాటితే గాని రెడ్‌హిల్స్ రాదు. రంజాన్ రాత్రుల్లో, బోనాల ఊరేగింపు వేళల్లో చార్మినార్ దగ్గర ఆటో కదలదు. పోనీ అని దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తితే, ఈ కేసు మేము చూడమని తిప్పి పంపిన అనుభవం మాలో పలువురికి ఉంది.

కాబట్టి కీమో నడుస్తున్న ప్రతి రోగికీ ఒక ఎర్ర కార్డు ఇవ్వాలి. ఆ కార్డు చూపగానే ఉస్మానియా ఆసుపత్రిలో 24 గంటలూ వరుసతో పనిలేకుండా రక్తపరీక్ష చేసి, యాంటీబయాటిక్ మొదటి డోసు వేసి, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పంపాలి. 108 అంబులెన్స్ సిబ్బందికీ ఈ కార్డు గురించి తెలియాలి.

2. ప్లేట్‌లెట్ల బాధ్యత ప్రభుత్వ రక్తనిధి కేంద్రాలు తీసుకోవాలి.

ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల మధ్య కదుపుతూ ఉంచినా నిల్వ ఉండేది 5 రోజులే. యంత్రంతో ఒక్క దాత నుంచి తీసే ఎస్‌డీపీ, సుమారు ఆరుగురి రక్తం నుంచి వేరు చేసినవాటికి సమానం. ఆ దాత గంటకు పైగా మంచం మీద ఉండాలి. అంటే అతని ఆ రోజు కూలి పోయినట్టే. పేషెంటు చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, అటెండెంటు వరండాలో ఫోను పట్టుకొని తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ బతిమాలుతుంటాడు. రంజాన్ మాసంలో పగలు ఉపవాసం వల్ల దాతలు దొరకడం మరీ కష్టం.

శివరాంపల్లిలోని తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ తలసీమియా పిల్లలకు ఉచితంగా రక్తం సమకూరుస్తోంది. మన బస్తీల్లో ఇచ్చే చేతులకు కొదవ లేదనడానికి అదే రుజువు. బస్తీల వారీగా దాతల జాబితా తయారు చేయాలి. రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత రాత్రి శిబిరాలు పెట్టాలి. ఎస్‌డీపీ ఖర్చు పూర్తిగా ఆరోగ్యశ్రీ భరించాలి. దాతకు రానుపోను ఛార్జీలు ఇవ్వాలి.

3. రక్తపరీక్షలు, నెలవారీ మాత్రలు బస్తీ దవాఖానాలోనే అందాలి.

కౌంట్ చూపించుకోవడానికే ఒక పూట పని పోతోంది. జనం మధ్య గంటలకొద్దీ వరుసలో నిలబడితే రోగికి ఇన్‌ఫెక్షన్ భయం. బస్తీ దవాఖానాలో రక్తం తీసి తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబ్‌కు పంపే పద్ధతి ఉంది. మా రోగుల సీబీసీ (రక్తకణాల కౌంట్) రిపోర్టు అదే రోజు ఫోనుకు, చికిత్స చేసే డాక్టరుకు చేరేలా చూడాలి.

సీఎంఎల్ రకం లుకేమియా రోగులు ఇమాటినిబ్ మాత్ర ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీ పేటెంట్ అప్పీలును కొట్టివేసిన కేసు ఈ మందుకు సంబంధించినదే. అందులో అవతలి పక్షాన మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా నిలబడింది. చవకగా తయారవుతున్న ఆ మందు నెలనెలా ఇంటి దగ్గరే అందేలా చేయడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు.

4. మందుల కార్డు తెలుగులో, ఉర్దూలో ఉండాలి.

పిల్లలకు 50 మిల్లీగ్రాముల మెర్కాప్టోప్యూరిన్ మాత్రను సగం, పావు చేసి వేయాలి. స్టీలు పళ్లెంలో బ్లేడుతో కోస్తే పావు ముక్క పొడిగా రాలిపోతుంది. ఎంత పోయిందో, బిడ్డ కడుపులోకి ఎంత వెళ్లిందో తల్లికి తెలియదు. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి మాత్రం చీటీ మీద ఇంగ్లీషులో, గొలుసుకట్టు రాతలో ఉంటోంది. ఏ రోజు ఎంత వేయాలో గడులు గీసిన కార్డు రెండు భాషల్లో ఇవ్వాలి. పిల్లల డోసు ఫార్మసీలోనే కొలిచి పొట్లాలు కట్టి ఇవ్వాలి.

5. మూసీకి ఇవతల డే-కేర్ కేంద్రం కావాలి.

మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే-కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇంత జనం ఉన్న పాతబస్తీకి ప్రత్యేకంగా ఒకటి కేటాయించాలి. ఉదయం కీమో ఎక్కించుకొని సాయంత్రానికి ఇల్లు చేరే వీలు కలగాలి.

6. చూసుకునేవారికి భృతి, రోగికి పోషణ ఖర్చు ఇవ్వాలి.

డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను ఇచ్చిన రాష్ట్రం మనది. టీబీ రోగుల పోషణ సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అదే న్యాయం లుకేమియా రోగులకూ వర్తించాలి. చికిత్స నడిచినంత కాలం రోగికి గుడ్లు, పాలు, పప్పు కొనుక్కునే సాయం, పని మానుకొని ఇంట్లో ఉండే ఒకరికి నెలవారీ భృతి మంజూరు చేయాలి. మహాలక్ష్మి పథకంతో తల్లులకు బస్సు ఉచితమైంది. వెంట వచ్చే తండ్రికి, అన్నకు కూడా చికిత్స కాలానికి పాసు ఇవ్వాలి.

7. తోబుట్టువులకు ఉచిత పరీక్ష, పిల్లలకు చదువు.

మూలకణ మార్పిడి అవసరమైనప్పుడు ఒక్కో తోబుట్టువు దాతగా పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఎవరు సరిపోతారో తేల్చే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష ఇంట్లో అందరికీ ఉచితంగా చేయాలి. చికిత్సలో ఉన్న పిల్లలకు హాజరు మినహాయింపు, ఇంటి వద్ద చదువు కల్పించాలి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వస్తే వెంటనే కబురు చేయాలని బడులకు ఆదేశాలివ్వాలి.

పై అంశాల్లో ఎర్ర కార్డు, మందుల కార్డు కొత్త భవనాలు అడిగేవి కావు. ఒక ఉత్తర్వుతో ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. వాటిని ముందుగా అమలు చేయించి, మిగిలినవాటిపై ఉస్మానియా, ఎం.ఎన్‌.జె., నిమ్స్, ఆరోగ్యశ్రీ ట్రస్టు, రక్తనిధి కేంద్రాల అధికారులతో 30 రోజుల్లోగా సమావేశం ఏర్పాటు చేయాలని, అందులో రోగుల కుటుంబాలకూ చోటివ్వాలని, ఏ అంశం ఎప్పటికి అమలవుతుందో లిఖితపూర్వకంగా తెలియజేయాలని వినమ్రంగా కోరుతున్నాం.

ఇట్లు,
చార్మినార్ పరిసర బస్తీల లుకేమియా రోగుల కుటుంబసభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)

ప్రతులు:
జిల్లా కలెక్టర్, హైదరాబాద్
సూపరింటెండెంట్, ఉస్మానియా జనరల్ ఆసుపత్రి
డైరెక్టర్, ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి
శాసనసభ్యులు, చార్మినార్ నియోజకవర్గం