వడ్రంగం జిల్లత్ ఎప్పుడయింది?



“ఏంటి భాయ్, టెన్త్ చదివే బేటాతో వడ్రంగి పని చేయిస్తున్నావా? మన ఇజ్జత్ ఏం కావాలి?”

రెండు నెలల క్రితం జుమా నమాజ్ అయ్యాక మా మొహల్లా బుజుర్గ్ ఒకాయన నలుగురి ముందు వేసిన సవాల్ ఇది. పక్కనే ఉన్న మావాడు తల దించుకున్నాడు. నాలుగు రోజులు మేడ మీదికి రాలేదు. అందుకే ఈ జవాబ్.

పాతపోస్టాఫీసు దగ్గర మా మేడ మీద మేం కట్టింది కయాక్. 15 అడుగుల పొడవు, ఒక్క మనిషి కూర్చునే వెడల్పు. పొడవాటి టేకు బద్దలు, వాటి మధ్య నానబెట్టి వంచిన వెదురు. కీళ్లకు మేకులు లేవు, నైలాన్ దారంతో బిగించిన కట్లే. అల తగిలితే చట్రం కాస్త వంగి సర్దుకుంటుంది. పైన కాన్వాస్ బిగలాగి కుట్టి, నీరు దిగకుండా మూడు పూతలు రంగు వేశాం. కుట్టు మా అమ్మాయి చేతిది. గ్రీన్‌లాండ్ ఇన్యూట్లు ఇలాంటి చట్రానికే సీల్ తోలు తొడిగి సముద్రం మీద వేటకు వెళ్లేవారు.

పరాయి షౌక్ అంటారా? కృష్ణ, తుంగభద్రల మీద తిరిగే మన పుట్టి కూడా వెదురు బుట్టే. ఒకప్పుడు దానికి తోలు తొడిగేవారు, ఇప్పుడు తారు పూసిన పట్టా. 17వ శతాబ్దంలో గోల్కొండ సల్తనత్‌కు వచ్చిన ఫ్రెంచి వజ్రాల తాజిర్ తావెర్నియే ఎద్దుతోలు బుట్టల్లో నది దాటడం గురించి రాసిపెట్టాడు.

ఇక ఇజ్జత్ సంగతి. హజ్రత్ నూహ్ (అలై) ఓడ కడుతుంటే ఖౌమ్ పెద్దలే మజాక్ చేశారు, సూరా హూద్ తీసి చూడండి. హజ్రత్ జకరియ్యా (అలై) వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ దావూద్ (అలై) తన చేతి మెహనత్‌తోనే తిన్నారని బుఖారీలో ఉంది. బయాన్‌లో ఇవి విని సుబ్‌హానల్లాహ్ అంటాం. ఇంటికొచ్చి కొడుకు చేతిలో ఉలి చూస్తే షర్మ్ పడతాం. ఇదెక్కడి ఇన్సాఫ్?

మా అబ్బా వెల్డర్. నా కాలేజీ ఫీజు కట్టింది ఆ కాలిన చేతులే. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో హునర్‌ను తక్కువ చేసి మాట్లాడటమంటే తిన్న అన్నాన్ని తిట్టడమే. తాలీమ్ వద్దని నేననడం లేదు. తాలీమ్ పేరు చెప్పి పిల్లల చేతులు కట్టేయొద్దంటున్నాను.

“ప్రాణాల మీదికి తెస్తావా” అన్నవాళ్లకూ ఒక మాట. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్నది మన హదీసే. పిల్లలిద్దరికీ ముందు ఈత నేర్పించాను, లైఫ్ జాకెట్లు కొన్నాను. ఆర్కే బీచ్ అలల్లోకి కాదు, భీమిలిలో గోస్తని నిమ్మళంగా ఉండే చోటుకు తీసుకెళ్లాను.

పోయిన ఆదివారం ఫజర్ అయ్యాక నీళ్లలోకి దించాం. వెనక కుట్టు దగ్గర నీరు ఊరింది. ఒడ్డుకు లాగి, ఆరబెట్టి, మైనం రుద్దాం. రెండోసారి చుక్క దిగలేదు. మావాడు తెడ్డు వేసుకుంటూ వెళ్లి తిరిగొచ్చాడు. ఆ తర్వాత వాళ్ల ఆపా వెళ్లొచ్చింది. తల దించుకున్న పిల్లాడు ఆ రోజు తలెత్తి నవ్వాడు.

ఈ సెలవుల్లో మీ బచ్చాల చేతికి ఒక ఉలి ఇవ్వండి, ఒక సూది ఇవ్వండి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి. మన పిల్లల్ని చూసి నవ్వే మొదటి నోరు మాత్రం మనది కాకూడదు.

ఖుదా హాఫిజ్.